మొక్కల పద్దు: పంట మోడళ్లపై పాఠకుల ప్రశ్నలు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం పంట పెరుగుదలను కంప్యూటర్‌లో లెక్కగట్టడం గురించే. ఒకేలా ఉన్నవాటిని కలిపి ఐదింటికి జవాబులిస్తున్నాం.

ప్రశ్న: పంట మోడల్ అంటే అసలేం చేస్తుంది? విత్తిన రోజే వేరుశనగ దిగుబడి చెప్పేస్తుందా?
– రైతు, పులిచెర్ల మండలం

చెప్పదు. విత్తిన రోజున ఏ మోడల్‌కైనా రాబోయే వాన తెలియదు కదా. అది చేసేది ఏ రోజుకారోజు పద్దు రాయడం. ఎంత ఎండ పడింది, అందులో ఆకు ఎంత పట్టుకుంది, దాంతో ఎంత పదార్థం తయారైంది, అందులో వేరుకెంత, ఆకుకెంత, కాయకెంత పోయింది, నేలలో నీరెంత మిగిలింది అని లెక్కవేస్తుంది. మర్నాడు ఆ మిగులుతోనే మళ్లీ మొదలుపెడుతుంది.

ఒక్క రోజు లెక్క చూద్దాం. మబ్బులేని రోజున మన దగ్గర చదరపు మీటరుకు 20 మెగాజౌళ్ల సూర్యశక్తి పడిందనుకోండి. కిరణజన్య సంయోగక్రియకు పనికొచ్చేది అందులో దాదాపు సగం, అంటే 10. ఈ పదిలో చేను ఎంత పట్టుకుంటుందన్నది ఆకు విస్తీర్ణ సూచిక మీద ఉంటుంది. చదరపు మీటరు నేలమీద ఎన్ని చదరపు మీటర్ల ఆకు ఉందో చెప్పే అంకె అది. కాంతి ఆకుల్లోంచి దిగేకొద్దీ ఎలా తగ్గుతుందో 1953లో మోన్సి, సాయెకి అనే జపాన్ శాస్త్రవేత్తలు సూత్రం ఇచ్చారు. కాంతి తగ్గుదల గుణకం 0.6 అనుకుంటే, సూచిక 1 ఉన్నప్పుడు చేను 45 శాతం కాంతిని, 3 ఉంటే 83.5 శాతాన్ని, 5 ఉంటే 95 శాతాన్ని పడుతుంది. 3 దాటాక ఆకు పెరిగినా కాంతి పట్టడంలో పెద్దగా కలిసిరాదు. తీగంతా పచ్చగా గుబురుగా ఉండి కింద కాయలు తక్కువున్న చేలు మీరు చూసే ఉంటారు.

పట్టుకున్న ఒక్కో మెగాజౌల్‌కు 2 గ్రాముల పొడి పదార్థం తయారైందనుకుంటే, సూచిక 3 ఉన్న చేనులో ఆ రోజు చదరపు మీటరుకు 16.7 గ్రాములు వస్తాయి. ఎకరాకు సుమారు 67 కిలోలు. అదంతా కాయలోకి వెళ్లినా 67 కిలోల కాయ రాదు. గింజలో నూనె ఉంటుంది, నూనె తయారీ మొక్కకు ఖరీదైన పని. గ్రాము పిండిపదార్థానికి గ్రామున్నర గ్లూకోజు కూడా అక్కర్లేదు, గ్రాము నూనెకు మూడు గ్రాములు కావాలి. అందుకే వేరుశనగలో గ్రాము కాయను 1.65 గ్రాముల ఆకు, కాండంతో సమానంగా లెక్కవేయడం 1970ల నుంచి వాడుకలో ఉంది. ఆ లెక్కన 67 కాస్తా 41 కిలోలవుతుంది. వానాధారంలో ఇలాంటి రోజులు సీజన్లో ఎన్ని దొరుకుతాయన్నదే అసలు ప్రశ్న. మోడల్ ఉపయోగం కూడా అక్కడే ఉంది. గడిచిన ముప్పై ఏళ్ల వానలను ఒక్కొక్కటిగా దానికిచ్చి, జూన్ ఆఖర్లో విత్తితే ఎన్నేళ్లు గట్టెక్కేవాళ్లం, జులై మూడో వారంలో అయితే ఎన్నేళ్లు అని అడగొచ్చు. ఆ ప్రశ్నకు అది బాగానే జవాబిస్తుంది.

ప్రశ్న: తిరుపతి దగ్గరి ఒక పొలానికి డీశాట్ అనే పంట మోడల్ సాఫ్ట్‌వేర్‌లో ఖరీఫ్ వేరుశనగ నడిపాను. పూత 29 రోజులకు వచ్చింది, పొలంతో సరిపోయింది. కాయ దిగుబడి మాత్రం హెక్టారుకు 3,200 కిలోలు చూపిస్తోంది. పొలంలో వచ్చింది 1,500. రకం గుణకాలు (విత్తన రకం స్వభావాన్ని మోడల్‌కు చెప్పే అంకెలు) ఎంత మార్చినా దారికి రావడం లేదు. నేల ఫైలు సాఫ్ట్‌వేర్‌తో వచ్చిందే వాడాను, వాతావరణం లెక్కలు నాసా పవర్ అనే ఆన్‌లైన్ సమాచార నిధి నుంచి తీసుకున్నాను.
– ఎమ్మెస్సీ అగ్రికల్చర్ విద్యార్థిని, తిరుపతి

ముందు రకం ఫైలు మూసేయండి. పూత సరిపోయిందంటే ఉష్ణోగ్రత లెక్క దాదాపు సరిగానే ఉంది. మిగిలిన తేడాకు కారణం మీ ఉత్తరం చివరి వాక్యంలోనే ఉంది: నేల, వాన.

సాఫ్ట్‌వేర్‌తో వచ్చిన నేల ఫైలులో లోతు 120 సెంటీమీటర్లు, మీటరుకు 120 మిల్లీమీటర్ల నీరు అని ఉందనుకుందాం. అంటే మొక్కకు 144 మిల్లీమీటర్ల నిల్వ ఇచ్చారు. ఇప్పుడు పొలంలో గుంత తీయండి. మన చెలక నేలల్లో చాలాచోట్ల 40, 50 సెంటీమీటర్లకే గరుసు తగులుతుంది, వేరు అక్కడే ఆగిపోతుంది. బాగా తడిసిన వాన తర్వాత రెండు రోజులాగి మట్టి తీసి, 105 డిగ్రీల ఓవెన్‌లో 24 గంటలు ఆరబెట్టి తూకం వేయండి. తేమ బరువులో 12 శాతం వచ్చిందనుకోండి. మొక్క వాడిపోయే స్థాయి ల్యాబులో 6 శాతం వచ్చింది. తేడా 6. మట్టి సాంద్రత 1.5తో గుణిస్తే ఘనపరిమాణంలో 9 శాతం, అంటే మీటరుకు 90 మిల్లీమీటర్లు. ఇక్కడే చాలామంది పొరబడతారు. ల్యాబు చూసింది 2 మిల్లీమీటర్ల జల్లెడలోంచి దిగిన మట్టిని. జల్లెడ పైన మిగిలిన గులకరాళ్లు పొలంలో 30 శాతం చోటు ఆక్రమిస్తుంటే, ఆ చోటు నీరు పట్టదు. 90 కాస్తా 63 అవుతుంది. వేరు లోతు 45 సెంటీమీటర్లకు లెక్కిస్తే చివరికి మిగిలేది 28 మిల్లీమీటర్లు.

చేను నిండుగా ఉన్నప్పుడు రోజుకు 5.75 మిల్లీమీటర్లు తాగుతుందనుకుంటే, మీ కంప్యూటర్‌లోని పంట వాన లేకుండా 25 రోజులు నెట్టుకొస్తుంది. పొలంలో పంటకు ఐదో రోజుకే అంతా అయిపోతుంది. ఊడలు దిగే సమయంలో పన్నెండు రోజులు వాన ఆగితే రెండూ ఒకే దిగుబడి ఇవ్వడం సాధ్యమా? ఏ రకం గుణకం మార్చినా ఇది సర్దుకోదు. సర్దుకున్నట్టు కనిపించినా వచ్చే ఏడాది వాన మారగానే మళ్లీ తప్పుతుంది. ఫలితాల్లో ప్లాంట్‌గ్రో ఫైలు తెరిచి నీటి ఎద్దడి నిలువు వరుస చూడండి. సున్నా అంటే ఎద్దడి లేదని, 1 అంటే పూర్తి ఎద్దడి అని. సీజనంతా సున్నాలే ఉంటే మీ అనుమానం తీరిపోయినట్టే.

తర్వాత వాన. నాసా పవర్‌లో ఎండ లెక్క వాడుకోదగ్గదే. వాన మాత్రం, నేలను గడులుగా విడదీసి ఒక్కో పెద్ద గడి మొత్తానికి ఇచ్చే సగటు. మన ఖరీఫ్ జల్లు ఒక ఊళ్లో పడి పక్క ఊళ్లో పడదు. గడి సగటులో అది రోజూ కొద్దికొద్దిగా కురిసినట్టు కనిపిస్తుంది, పంటకు అంతకంటే సుఖమైన వాన లేదు. అందుకే పొలానికి దగ్గర్లోని వానమాపకం లెక్కే వాడాలి. తిరుపతి చుట్టుపక్కల ఇంకో తిరకాసు ఉంది. ఊరు సముద్రమట్టానికి సుమారు 160 మీటర్ల ఎత్తున ఉంటే, కొండమీది తిరుమల 850 పైన. కిలోమీటరు ఎక్కితే ఆరున్నర డిగ్రీలు తగ్గే లెక్కన రెంటికీ నాలుగు డిగ్రీలకు పైగా తేడా. శేషాచలం కొండలూ కింది మైదానమూ ఒకే గడిలో పడితే ఉష్ణోగ్రత రెంటిదీ కాకుండా పోతుంది. మీకు పూత సరిపోయింది కాబట్టి ఈసారి ఆ గండం తప్పింది, అయినా గరిష్ఠ, కనిష్ఠ ఉష్ణోగ్రతలు స్థానిక కేంద్రంతో పోల్చి చూసుకోండి.

మూడోది మొక్కల సంఖ్య. 30 × 10 సెంటీమీటర్ల ఎడం అని రాసి చదరపు మీటరుకు 33 మొక్కలు ఇచ్చి ఉంటారు. మోడల్‌కు కావలసింది మొలిచి నిలిచిన మొక్కలు. 30 సెంటీమీటర్ల సాళ్లలో 3.33 మీటర్ల పొడవు సాలు అంటే సరిగ్గా ఒక చదరపు మీటరు. విత్తిన 20 రోజులకు ఐదారు చోట్ల అలా తాడు పరిచి లెక్కపెట్టి సగటు తీసుకోండి. 20, 22 వచ్చినా ఆశ్చర్యపోకండి.

సిమ్యులేషన్‌ను విత్తిన రోజు నుంచే మొదలుపెట్టకండి. ఏప్రిల్ 1 నుంచి, నేల దాదాపు ఎండిపోయిన స్థితిలో మొదలుపెడితే మే వానలు నేలను ఎంత నింపాయో అదే లెక్కకట్టుకుంటుంది. విత్తే రోజు నేల నిండుగా ఉందని మనం రాసేస్తే మోడల్‌కు ఒక మంచి వాన ఊరికే ఇచ్చినట్టే.

పోల్చేది దేనితో అన్నదీ సరిచూసుకోండి. డీశాట్‌లో కోతనాటి దిగుబడి అని కనిపించేది వేరుశనగకు గింజ బరువు. కాయ బరువు వేరే వరుసలో ఉంటుంది. రెండూ పొడి బరువులే. రైతు 1,500 కిలోలు అన్నది 10 శాతం తేమ ఉన్న కాయ అయితే పొడి కాయ 1,350, వలిస్తే 70 శాతం చొప్పున గింజ 945 కిలోలు.

ఇవన్నీ దిద్దాక కూడా తేడా ఉంటే, మోడల్‌కు తెలియని నష్టాలు ఏమున్నాయో చూడండి. తిక్క ఆకుమచ్చ, మొవ్వకుళ్లు, ఎర్రగొంగళి పురుగు, వేరుపురుగు మనం విడిగా నమోదు చేస్తే తప్ప దాని పద్దులో ఉండవు. కాల్షియం లెక్కా ఉండదు. పూత, ఊడల దశలో ఎకరాకు 200 కిలోల జిప్సం వేయని తేలిక నేలలో లొట్ట కాయలు ఎక్కువగా రావడం దానికి తెలియదు. కోత సమయంలో ముసురు పట్టి కాయలోనే గింజ మొలకెత్తడం కూడా అంతే. స్పానిష్ గుత్తి రకాల్లో చాలావాటికి విత్తన నిద్రావస్థ ఉండదని మనకు తెలుసు, మోడల్ మాత్రం పక్వానికి వచ్చిన రోజున దిగుబడి రాసేసి లెక్క మూసేస్తుంది.

ఆ తర్వాతే రకం గుణకాలు. వాటికీ ఒక వరుస ఉంది. మొదట దశలు: మొలక నుంచి పూతకు, పూత నుంచి కాయకు, గింజకు, పక్వానికి పట్టే కాలం. తర్వాత ఆకు మందం, ఆకు సైజు. ఆపైన ఆకు గరిష్ఠ కిరణజన్య సంయోగక్రియ రేటు. అన్నిటికంటే చివర కాయకు పోయే వాటా, గింజ బరువు. ముందరి మెట్టు కుదిరాక దాన్ని మళ్లీ కదపొద్దు. నేల సారం గుణకం అని ఒకటుంటుంది, మొత్తం కిరణజన్య సంయోగక్రియను అది గుణిస్తుంది. దాన్ని 0.7కు దించితే ఏ దిగుబడైనా దిగొస్తుంది. అందుకే దానిమీద అందరికీ మోజు. పక్కన కారణం రాయకుండా ఆ అంకె మారిస్తే థీసిస్ చూసేవారు పట్టుకోవాలి, పట్టుకోకపోతే అది వారి తప్పు. ఐదు సీజన్ల లెక్క ఉంటే మూడింటితో సరిచేసి, మిగిలిన రెంటినీ ముట్టకుండా పరీక్షకు ఉంచండి.

ప్రశ్న: పెద్ద సాఫ్ట్‌వేర్లు వద్దు. ఎక్సెల్‌లో నా వేరుశనగకు ఎప్పుడు స్ప్రింక్లర్ తిప్పాలో లెక్క వేసుకోవచ్చా?
– శ్రీకాళహస్తి నుంచి ఒక పాఠకుడు

వేసుకోవచ్చు. ఐదు నిలువు వరుసలు చాలు: తేదీ, వాన, ఆ రోజు వాతావరణం లాగే నీరు, పంట గుణకం (ఆ నీటికి ఎన్ని రెట్లు పంట తాగుతుందో చెప్పే అంకె), నేలలో లోటు (నిండు నిల్వకు ఎంత తక్కువైందో).

వాతావరణం లాగే నీటికి ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ 1998లో ఖాయం చేసిన పెన్మన్-మాంటీత్ సూత్రం అన్నిటికంటే మేలు. దానికి గాలి వేగం, తేమ కూడా కావాలి. మీ దగ్గర థర్మామీటరే ఉంటే హార్‌గ్రీవ్స్ సూత్రం సరిపోతుంది. సగటు ఉష్ణోగ్రతకు 17.8 కలపండి. గరిష్ఠ, కనిష్ఠాల తేడాకు వర్గమూలం తీసి దాంతో గుణించండి. వచ్చినదాన్ని 0.0023తోనూ, వాతావరణం పైన పడే సూర్యశక్తిని నీటి మిల్లీమీటర్లలోకి మార్చిన అంకెతోనూ గుణించండి. మన అక్షాంశంలో ఆగస్టుకు ఆ అంకె దాదాపు 15.5. గరిష్ఠం 35, కనిష్ఠం 25 అయిన రోజున 5.4 మిల్లీమీటర్లు వస్తుంది.

వేరుశనగ పంట గుణకం మొదటి 25 రోజులు 0.4, అక్కడినుంచి క్రమంగా పెరిగి 55వ రోజుకు 1.15, 90వ రోజు దాకా అంతే, తర్వాత తగ్గుతూ పీకే నాటికి 0.6. ఇది 110 రోజుల రకానికి.

మీ నేల రాళ్లు లేని ఎర్ర ఇసుక దుబ్బ, లోతు 50 సెంటీమీటర్లు, మీటరుకు 120 మిల్లీమీటర్ల నీరు పడుతుందనుకుందాం. నిల్వ 60. అందులో సగం, 30 మిల్లీమీటర్ల దాకా మొక్క ఇబ్బంది లేకుండా తీసుకుంటుంది. గట్టి వాన పడి లోటు సున్నా అయింది. నిండు చేను, రోజుకు 5 మిల్లీమీటర్లు లాగే వాతావరణం, గుణకం 1.15. అంటే రోజుకు 5.75. ఐదో రోజు సాయంత్రానికి లోటు 28.75, ఆరో రోజుకు 34.5. ఇక మొక్క కావలసినంత తీసుకోలేదు. మిగిలిన నీరు 25.5ను 30తో భాగిస్తే 0.85. ఏడో రోజు అది తాగేది 5.75 × 0.85, అంటే 4.9. లోటు 39.4. ఎనిమిదో రోజు ఈ 0.85 కాస్తా 0.69కి పడిపోతుంది. లోటు 30కి చేరిన రోజే నీళ్లివ్వాలి. మధ్యాహ్నం ఆకు ముడుచుకునేదాకా ఆగితే ఎద్దడి అప్పటికే మొదలైపోయి ఉంటుంది.

ఎక్సెల్‌లో అందరూ చేసే తప్పు ఒకటుంది. లోటు 30 ఉన్నప్పుడు 80 మిల్లీమీటర్ల వాన పడితే లోటు మైనస్ 50 అని రాసి, ఆ యాభైని వచ్చే వారానికి జమ కట్టేస్తారు. మిగతా వాన పారిపోయింది లేదా కిందికి ఇంకిపోయింది, మీది కాదు. లోటు సున్నా కంటే కిందికి పోకుండా సూత్రంలోనే కట్టడి పెట్టండి. ఎండిన నేలమీద పడిన 2, 3 మిల్లీమీటర్ల చినుకులనూ జమ వేయకండి.

30 మిల్లీమీటర్లు అంటే ఎకరాకు సుమారు 1,21,000 లీటర్లు. స్ప్రింక్లర్‌లో నూటికి 75 పాళ్లే వేరుకు చేరుతుందనుకుంటే 1,62,000 పోయాలి. 200 లీటర్ల డ్రమ్ము ఎంతసేపట్లో నిండుతుందో చూడండి. 72 సెకన్లు పడితే మీ బోరు గంటకు 10,000 లీటర్లు ఇస్తున్నట్టు, ఎకరాకు 16 గంటలు కావాలి. కరెంటు అంతసేపు ఉండదు కాబట్టి లోటు 15కు చేరినప్పుడే సగం, తర్వాత మళ్లీ సగం ఇచ్చేలా పెట్టుకోండి.

టమాటా, చెరకు కూడా వేసేవారైతే ఆహార వ్యవసాయ సంస్థ ఉచితంగా ఇచ్చే ఆక్వాక్రాప్ చూడొచ్చు. ఆ రెండు పంటలకూ తయారు ఫైళ్లు అందులోనే ఉంటాయి.

ప్రశ్న: కంప్యూటర్‌లో చెట్టు కొమ్మలు వేసేలా గీయడం ఎలా? తోతాపురి మామిడి ఒక ఏడు కాచి ఒక ఏడు కాయకపోవడాన్ని అలా చూపించవచ్చా? పిల్లలకు ప్రాజెక్టుగా ఇవ్వాలని.
– గణితం టీచరు, చిత్తూరు

1968లో లిండెన్‌మేయర్ అనే జీవశాస్త్రవేత్త దీనికి చక్కని పద్ధతి చెప్పాడు. రెండు గుర్తులు తీసుకోండి: లేత కణానికి "లే", ముదురుకు "ము". నియమాలు రెండే. ప్రతి మెట్టులో "లే" కాస్తా "ము" అవుతుంది. "ము" కాస్తా "ము లే" అవుతుంది. "లే"తో మొదలుపెడితే తర్వాత ము, ఆపైన ము లే, ము లే ము, ము లే ము ము లే. గుర్తుల సంఖ్య 1, 1, 2, 3, 5. పిల్లలు తర్వాతిది 8 అని వాళ్లే చెబుతారు. గుర్తులకు "ఇంత పొడవు గీయి", "ఇంత కోణం తిరుగు", "ఇక్కడ కొమ్మ మొదలు", "కొమ్మ పూర్తి" అని అర్థాలిస్తే అదే బొమ్మవుతుంది. పైథాన్ ప్రోగ్రామింగ్ భాషలో గీతలు గీసే టర్టిల్‌తో ముప్పై వరుసల్లో అయిపోతుంది.

మామిడికి నియమం చెట్టే చెబుతుంది. పూత రెమ్మ చివర వస్తుంది, కాబట్టి కాచిన రెమ్మ అక్కడితో ఆగి, పక్క మొగ్గల నుంచి మళ్లీ చిగురించాలి. ఆలస్యంగా చిగురిస్తే ఆ చిగురు డిసెంబరు, జనవరి చలి వచ్చేనాటికి ముదరదు, పూయదు. పిల్లలు ఇలా అనుకోవచ్చు: ఈ ఏడు కాచిన రెమ్మ వచ్చే ఏడు కాసే అవకాశం 0.2, కాయనిదానికి 0.7. ఇవి లెక్క కోసం అనుకున్న అంకెలే, తోటలో కొలిచినవి కావు. మొదటి ఏడు నూటికి 70 రెమ్మలు కాస్తే, రెండో ఏడు 35, మూడో ఏడు 52.5, తర్వాత దాదాపు 44. ఊపు తగ్గుతూ పోయి 47 దగ్గర నిలబడుతుంది. అంటే ఒక్కో రెమ్మ ఏడాది విడిచి ఏడాది కాసినంత మాత్రాన తోటంతా అలా కాయాల్సిన పని లేదు. ఒక జనవరిలో అకాల వానకో మంచుకో పూతంతా మాడిపోతే, రెమ్మలన్నీ ఒకేసారి కాయనివైపు చేరి, మరుసటి ఏడు మళ్లీ 70 దగ్గర మొదలవుతుంది. ఎక్సెల్‌లో ఒక ఏడాదికి సున్నా పెట్టి గ్రాఫ్ గీయిస్తే పిల్లలకు ఇట్టే అర్థమవుతుంది. చెట్టులో పిండిపదార్థాల నిల్వ తరిగిపోవడం కూడా ఈ ఊపును పెంచుతుంది. పెద్ద తరగతులవారైతే కాపు ఎక్కువైన ఏడాది తర్వాత 0.7ను 0.5కు దించి చూడొచ్చు.

ప్రశ్న: ఇప్పుడంతా ఏఐ, ఉపగ్రహ చిత్రాలు. ఈ పాత మోడళ్లు ఇంకా అవసరమా?
– సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, స్వగ్రామం పలమనేరు దగ్గర

సెంటినెల్-2 ఉపగ్రహాల చిత్రాలు ఉచితం, 10 మీటర్ల గడి, ఐదు రోజులకోసారి. అయితే ఖరీఫ్‌లో వాటిలో సగం మబ్బులే. పచ్చదనం సూచిక కూడా ఆకు విస్తీర్ణ సూచిక 3 దాటాక పెద్దగా కదలదు. వేరుశనగ కాయ నేలలో ఉంటుంది, పైనుంచి కనపడదు. మరి ఏఐ నేర్చుకోవాలంటే చాలా పొలాల కోత లెక్కలు కావాలి, అది కూడా అదే నేల, అదే రకం, అలాంటి వానలతో. మన చిన్న కమతాల్లో అంత లెక్క రాసి పెట్టేదెవరు?

రెంటినీ కలపడమే మంచిది. విత్తిన 35, 50, 65 రోజుల చిత్రాల నుంచి ఆకు విస్తీర్ణ సూచిక తీసి మోడల్ చూపే సూచికతో పోల్చండి. మోడల్ 2.8 అంటుంటే ఉపగ్రహం 1.6 అంటోందనుకోండి. అప్పుడు పొలానికి వెళ్లి చూడాల్సినవి మూడు: మొక్కల సంఖ్య, నేల లోతు, ఆకుమచ్చ. ఆ తేడా ఎందుకొచ్చిందో తేలేదాకా మోడల్‌లోని సంఖ్యను 1.6కి లాగేసి ముందుకు వెళ్లకండి. ఆకు తగ్గింది నీటి ఎద్దడి వల్ల అయితే మర్నాడు వాన పడగానే చేను కోలుకుంటుంది, ఆకుమచ్చకు రాలిందైతే కోలుకోదు. దిగుబడి అంచనా ఈ రెంటికీ వేర్వేరు.